గురక ఆగిన ఇరవై రెండు సెకన్లు

బెంగళూరు మారతహళ్లిలో మా బాబాయి గురక పక్క గదిలోకీ వినపడుతుంది. అది మాకు అలవాటే. ఓ రాత్రి అది ఉన్నట్టుండి ఆగిపోవడంతో నాకు మెలకువ వచ్చింది. వెళ్లి చూస్తే పొట్ట ఎగసిపడుతోంది, ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి లేదు. లెక్కపెట్టాను: ఇరవై రెండు సెకన్లు. తర్వాత గట్టిగా ఎగశ్వాస, మళ్లీ గురక. పొద్దున అడిగితే, "మొద్దునిద్ర పోయాన్రా" అన్నాడు.

ఇది స్లీప్ అప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగడం, లేదా బాగా తగ్గడం గంటకు 30 సార్లు దాటితే జబ్బు తీవ్రమైనట్టే. ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ తగ్గి, మెదడు ఉలిక్కిపడుతుంది. ఆ మెలకువ క్షణాలదే కాబట్టి పొద్దున్నకు గుర్తుండదు.

పగలు మాత్రం తెలుస్తుంది. బాబాయి ఆఫీసు బస్సు సిల్క్ బోర్డ్ చేరకముందే తూగుతాడు. పిన్ని చెప్పిందే మళ్లీ అడుగుతాడు. ఈ జబ్బులో దెబ్బతినేవి ఏకాగ్రత, పని ప్లాన్ చేసుకునే నేర్పు, జ్ఞాపకం. పగటి మత్తును కొలవడానికి ఆస్ట్రేలియా డాక్టరు మర్రే జాన్స్ 1991లో 8 ప్రశ్నలు తయారుచేశాడు. మార్కులు 24కి 10 దాటితే పట్టించుకోవాలి. అయితే మత్తు లేకుండానే అప్నియా ఉన్నవాళ్లూ చాలామందే.

బాబాయి టెన్షన్ వేరు. నానమ్మ చివరి రోజుల్లో మమ్మల్ని గుర్తుపట్టలేదు. "మా అమ్మకొచ్చిందే నాకూ" అంటాడు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 19వ క్రోమోజోమ్ మీద ఏపీఓఈ అనే జన్యువు ఉంది. దాని ఇ4 రకం ఉన్నవాళ్లకు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ముప్పు ఎక్కువ. అమెరికాలో విస్కాన్సిన్ పరిశోధకులు 2013లో గమనించిందేమిటంటే, ఓ మోస్తరు నుంచి తీవ్రమైన అప్నియాకు ఇ4 తోడైన చోటే ఆలోచన, జ్ఞాపకం పరీక్షల్లో మార్కులు తగ్గాయి. ఇ4 లేనివాళ్లలో అంత తేడా లేదు.

నాకు ఇందులోనే ఆశ కనిపించింది. జన్యువును మార్చుకోలేం, మూసుకుపోయే దారిని తెరవగలం. 1981లో సిడ్నీలో డాక్టరు కోలిన్ సల్లివన్ చూపించిన సీప్యాప్ యంత్రం చేసేది అదే: మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా ఆపుతుంది.

బాబాయి మొదటి వారం మాస్కు పీకేసేవాడు, పిన్ని మళ్లీ పెట్టేది. పగటి మత్తు త్వరగానే తగ్గింది. జ్ఞాపకం అందరికీ ఒకేలా తిరిగిరాదు, బాబాయిది ఇంకా చూడాలి. ప్రస్తుతానికి సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు కిటికీలోంచి ట్రాఫిక్ ఫొటోలు తీసి పంపిస్తున్నాడు.