ఆఫ్రికా ఏనుగులు: అపోహలు - వాస్తవాలు

కెన్యాలో ఏనుగుల సర్వేలు చేస్తుంటాను. సెలవులకు ఊరొచ్చినప్పుడల్లా చుట్టాలు అడిగేవే ఇవన్నీ.

అపోహ: ఏనుగుల మీద పరిశోధనంటే తొండం నిమురుతూ తిరగడం.
వాస్తవం: పొద్దస్తమానం జీపులో కూర్చుని చెవులు చూడటం. ఏ రెండిటి చెవులూ ఒకలా ఉండవు. ‘ఎడమ చెవి కింది అంచున గోరంత చిరుగు, పైన రెండు కన్నాలు’... నా నోట్‌బుక్ నిండా ఇదే గొడవ. 1960ల్లో టాంజానియాలోని మన్యారా సరస్సు దగ్గర జంతుశాస్త్రవేత్త ఇయాన్ డగ్లస్-హామిల్టన్ ఈ పద్ధతిలోనే ఏనుగులను గుర్తుపట్టారు. అమెరికా పత్రిక న్యూస్‌వీక్‌లో పనిచేసిన సింథియా మాస్ ఆయన దగ్గర పని నేర్చుకుని, 1972లో కెన్యాలోని అంబోసెలీలో మొదలుపెట్టిన లెక్క దశాబ్దాలు సాగింది. అక్కడ ఒక్కో కుటుంబానికి ఒక్కో అక్షరం. పిల్లల పేర్లన్నీ ఆ అక్షరంతోనే.

అపోహ: మందకు రాజు మగ ఏనుగు.
వాస్తవం: గజరాజు మన కథల్లోనే. నడిపించేది ముసలి ఆడ ఏనుగు. మగపిల్లలు పద్నాలుగేళ్ల ప్రాంతంలో మందను వదిలిపోతాయి.

అపోహ: మదం ఆసియా ఏనుగులకే.
వాస్తవం: శాస్త్రవేత్తలూ చాలాకాలం అలాగే అనుకున్నారు. ఆఫ్రికాలో ఆడవాటికీ కణతలు కారతాయి కాబట్టి, అది మదమని ఎవరికీ తట్టలేదు. అంబోసెలీలో కొన్ని మగవాటికి మూత్రం చుక్కలుగా కారుతూ మర్మాంగం పచ్చబడితే, పరిశోధకురాలు జాయిస్ పూల్, మాస్ మొదట జబ్బేమోనని కంగారుపడ్డారు. మదమేనని 1981లో ప్రకటించారు. కావ్యాలు చదివిన మన పంతులుగారొకరు ఆ జీపులో ఉంటే కొంచెం ముందే తేలేదేమో!

అపోహ: దంతాలు వాటంతటవే రాలితే ఏరుకుంటారు.
వాస్తవం: రాలవు. మూడో వంతు పుర్రెలోనే ఉంటుంది. వేటగాళ్లు ముఖం నరికి తీస్తారు. 1979లో ఆఫ్రికాలో ఏనుగులు 13 లక్షలని డగ్లస్-హామిల్టన్ వేసిన అంచనా పదేళ్లలో సగానికి పడిపోయింది.

అపోహ: చావు దగ్గరపడితే ఏనుగులు తమ శ్మశానానికి నడిచిపోతాయి.
వాస్తవం: అలాంటి చోటు లేదు. జన్మకు ఆరు విడతల దవడ పళ్లు. చివరివి అరిగాక ముసలివి మెత్తటి గడ్డి కోసం చిత్తడి నేలల బాట పడతాయి, అక్కడే పోతాయి. ఎముకలు ఒకేచోట దొరికేది అందుకే. వాటికి ఎముకలంటే పట్టింపు మాత్రం నిజం. చనిపోయిన ఓ ఆడ ఏనుగు దవడను వయసు లెక్కకట్టడానికి మాస్ తన శిబిరానికి తెచ్చారు. కొన్ని వారాలకు దాని కుటుంబం అటుగా వచ్చి దవడను తడిమి వెళ్లింది. ఒక్కటి మాత్రం కదల్లేదు, చాలాసేపు కాలితో, తొండంతో దాన్ని దొర్లిస్తూ ఉండిపోయింది. ఏడేళ్ల కొడుకు.