వెబ్ పేజీలో జావాస్క్రిప్ట్ ఫైలు లోడ్ కాలేదా? ముందు ఈ అపోహలు వదిలేయండి

అపోహ: బ్రౌజర్ ఎర్రర్లు చూపించే కన్సోల్‌లో సింటాక్స్ ఎర్రర్ వచ్చిందంటే కోడ్‌లోనే తప్పుంది.

వాస్తవం: "అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్ <" అని వస్తే కోడ్ జోలికి ఇంకా వెళ్లకండి. < గుర్తుతో మొదలయ్యేది హెచ్‌టీఎంఎల్ పేజీ. అంటే బ్రౌజర్ స్క్రిప్ట్ అడిగింది, సర్వర్ పేజీ పంపింది. ఒకే హెచ్‌టీఎంఎల్ పేజీతో నడిచే సింగిల్ పేజ్ అప్లికేషన్లలో ఇది మామూలే. లేని అడ్రస్ ఏది అడిగినా ఇండెక్స్ పేజీ ఇచ్చెయ్యమని సర్వర్‌కి మనమే చెప్పి ఉంచుతాం. అది చెప్పినట్టే చేస్తుంది, పైగా స్టేటస్ 200, అంటే అంతా సరే, అంటుంది. దొరకలేదని చెప్పే 404 కోసం వెతికితే ఎక్కడా దొరకదు. నేనూ ఒకసారి ఆ 200ని నమ్మి, పూటంతా కోడ్‌లో బ్రాకెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అప్పట్నుంచి బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో స్టేటస్ కంటే ముందు రెస్పాన్స్ చూస్తున్నాను.

అపోహ: నా దగ్గర బాగానే ఉంది, యూజర్‌ని క్యాష్ క్లియర్ చేసుకోమంటే చాలు.

వాస్తవం: చంక్ లోడ్ ఎర్రర్ (బిల్డ్‌లో ముక్కలుగా విడగొట్టిన స్క్రిప్ట్‌లో ఒక ముక్క రాకపోవడం) విషయంలో తప్పు చాలాసార్లు మన డిప్లాయ్‌మెంట్‌దే. యూజర్ పొద్దున తెరిచిన ట్యాబ్ అలాగే ఉంది. మధ్యాహ్నం మనం కొత్త బిల్డ్ పెట్టి పాత ఫైళ్లు తుడిచేశాం. సాయంత్రం అతను వేరే పేజీ నొక్కితే ఆ ట్యాబ్ పేరులో పాత హ్యాష్ (ఫైలులోని కోడ్ మారితే మారే గుర్తు) ఉన్న ఫైలునే అడుగుతుంది, అదేమో సర్వర్‌లో లేదు. పాత చంకులను కొన్నాళ్లు ఉంచండి. ఇండెక్స్ పేజీకి నో-క్యాష్ పెట్టండి, అప్పుడు బ్రౌజర్ ప్రతిసారీ సర్వర్‌ని అడిగే వాడుతుంది. పేరులో హ్యాష్ ఉన్న ఫైళ్లకు క్యాష్ గడువు ఏడాది, అంటే 31536000 సెకన్లు, ఇచ్చినా ఫర్వాలేదు. ఎర్రర్ వస్తే పేజీ దానంతట అదే రీలోడ్ అయ్యేలా రాస్తే మాత్రం ఒక్కసారికే ఆపండి. లేకపోతే అది తిరుగుతూనే ఉంటుంది.

అపోహ: స్క్రిప్ట్ ట్యాగ్‌లో అసింక్ అయినా డిఫర్ అయినా ఒకటే.

వాస్తవం: డిఫర్ వరుస తప్పదు. అసింక్‌లో ముందొచ్చింది ముందు నడుస్తుంది. ఒక్కోసారి మాత్రమే వచ్చే "నాట్ డిఫైన్డ్" ఎర్రర్లకు నేను మొదట అనుమానించేది దీన్నే.

అపోహ: పేజీలో ఎర్రర్లు పట్టుకునే విండో ఆన్‌ఎర్రర్ రాశాం కాబట్టి అన్నీ లాగ్‌లోకి వస్తాయి.

వాస్తవం: స్క్రిప్ట్ ఫైలే రాకపోతే ఆ ఎర్రర్ విండో దాకా బబుల్ అవ్వదు, అంటే ట్యాగ్ నుంచి పైకి రాదు. ఎర్రర్ లిజనర్‌ని క్యాప్చర్ దశలో (ఈవెంట్ విండో నుంచి ట్యాగ్ వైపు కిందికి వెళ్లేటప్పుడు) పెడితేనే దొరుకుతుంది. వేరే డొమైన్ స్క్రిప్ట్ నడుస్తూ పడిపోతే మనకు మిగిలేది "స్క్రిప్ట్ ఎర్రర్" అన్న రెండు ముక్కలే. వివరాలు కావాలంటే ట్యాగ్‌లో క్రాస్‌ఆరిజిన్, అవతలి సర్వర్‌లో వేరే డొమైన్‌కి అనుమతిచ్చే కోర్స్ (CORS) హెడర్, రెండూ ఉండాలి.

ఇక "బ్లాక్డ్ బై క్లయింట్" అని కనిపిస్తే సర్వర్ లాగులు తిరగేయకండి. యాడ్ బ్లాకర్ లాంటి ఎక్స్‌టెన్షన్ ఏదో ఆ రిక్వెస్ట్‌ని బ్రౌజర్‌లోనే ఆపేసి ఉంటుంది, అది సర్వర్ దాకా రానే లేదు.