మడతల ఫిల్టరు అంచు సీలులో ఆవిష్కరణ ఎక్కడుంది?

కారు బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టరు పెట్టె మూత విప్పితే లోపల ముఖ్యంగా రెండు భాగాలు కనిపిస్తాయి. ఒకటి దగ్గర దగ్గరగా మడతలు పెట్టిన కాగితం, రెండోది దాని చుట్టూ ఉండే, వేలితో నొక్కితే లోపలికి దిగే మెత్తని అంచు. దుమ్మును పట్టేది కాగితం కాబట్టి చూసేవారి దృష్టి దాని మీదికే పోతుంది. కాగితం ఎంత మంచిదైనా ఆ అంచు సరిగా కుదరకపోతే ఫిల్టరు పెట్టీ పెట్టనట్టే. ఆ అంచును, అంటే సీలును, మడతల కాగితం మీదే నేరుగా అచ్చులో పోత పోసే విధానాలకు అనేక దేశాల్లో పేటెంట్లు ఇచ్చారు. ఇంత చిన్న వస్తువులో ఆవిష్కరణ అనదగినది ఏముంటుందని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఆ అనుమానం తీరాలంటే ముందు సీలు చేసే పని, దాన్ని తయారు చేయడంలో ఎదురయ్యే చిక్కు తెలియాలి.

కాగితాన్ని మడతలు పెట్టేది తక్కువ చోటులో ఎక్కువ వైశాల్యం ఇమడ్చడానికి. 250 మిల్లీమీటర్ల పొడవు, 200 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఒక పలకను లెక్కకు తీసుకుందాం. మడత లోతు 40 మిల్లీమీటర్లు, ఒక మడతకూ తర్వాతి మడతకూ మధ్య దూరం 4 మిల్లీమీటర్లు అనుకుంటే అందులో 50 మడతలు పడతాయి, వాటిని విప్పి పరిస్తే కాగితం సరిగ్గా ఒక చదరపు మీటరు వస్తుంది. పలక ముఖం మాత్రం 0.05 చదరపు మీటరే. వైశాల్యం 20 రెట్లు పెరిగింది కాబట్టి గాలి కాగితం గుండా 20 రెట్లు నెమ్మదిగా పోతుంది, దానికి ఎదురయ్యే నిరోధం తగ్గుతుంది, కాగితం దుమ్ముతో నిండడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఈ లాభానికి తగ్గ ఖర్చు అంచు దగ్గర కనిపిస్తుంది. ఆ పలక చుట్టుకొలత 0.9 మీటరే అయినా, మడతలు వంకరటింకరగా తెగి ఉండే రెండు పక్కల్లో ఒక్కొక్క మడతకు 80 మిల్లీమీటర్ల చొప్పున కాగితపు అంచు బయటపడి ఉంటుంది. రెండు పక్కలూ కలిపితే అది 8 మీటర్లు. రెండు చేతుల్లో పట్టే వస్తువులో 8 మీటర్ల తెగిన అంచును ఎక్కడా సందు లేకుండా మూయాలి, మూసిన తర్వాత దాని చుట్టూ పెట్టె గోడకు ఆనుకునే మెత్తని పెదవి కూడా ఉండాలి.

సందు ఉంటే ఏమవుతుందో చూద్దాం. గాలికి కాగితం గుండా పోయే దారి కష్టం, సందు గుండా పోయే దారి సులభం. కొత్త ఫిల్టరులో కాగితం నిరోధం తక్కువ కాబట్టి సందులో పోయే వాటా స్వల్పంగా ఉంటుంది. రోజులు గడిచి కాగితంపై దుమ్ము పేరుకునేకొద్దీ నిరోధం పెరుగుతుంది, సందు మాత్రం ఎప్పటిలాగే తెరిచి ఉంటుంది, కాబట్టి వడపోత లేకుండా ఇంజనులోకి చేరే గాలి వాటా క్రమంగా పెరుగుతుంది. వాడిన ఫిల్టరును తీసి శుభ్రంగా ఉండాల్సిన పక్కన పరీక్షగా చూస్తే కొన్నిసార్లు అంచు నుంచి లోపలికి సాగిన సన్నని మట్టి చార కనిపిస్తుంది. కాగితం మంచిదైనా గాలి పక్కదారి పట్టిందనడానికి అది గట్టి గుర్తు.

మందుల పరిశ్రమలో ఈ లెక్క మరింత కఠినం. హైదరాబాదు చుట్టుపక్కల ఉన్న ఔషధ, టీకా కర్మాగారాల్లో సూక్ష్మజీవులు చేరకూడని గదులకు గాలిని హెపా ఫిల్టర్ల, అంటే అతి సూక్ష్మమైన కణాలను సైతం ఆపే ఫిల్టర్ల, గుండా పంపుతారు. ఐరోపా ప్రమాణాల్లో హెచ్ 14 అనే తరగతి ఫిల్టరు, పట్టుకోవడానికి అత్యంత కష్టమైన పరిమాణంలో ఉన్న కణాల్లో 99.995 శాతాన్ని ఆపాలి. అంటే దాటిపోయేవి 0.005 శాతమే. అంచులో ఉన్న ఒక సన్నని సందు మొత్తం గాలిలో 0.01 శాతాన్ని వడపోత లేకుండా వదిలితే, దాటిపోయే కణాలు 0.015 శాతమవుతాయి, అంటే మూడు రెట్లు. వడపోత గుడ్డ మీద పెట్టిన శ్రమంతా ఆ సందు దగ్గర వృథా అవుతుంది. అందుకే అటువంటి గదుల్లో ఫిల్టరు బిగించాక నూనె తుంపరల పొగను ఒక పక్క నుంచి పంపి, రెండో పక్క ముఖమంతా, ముఖ్యంగా అంచుల వెంట, కొలిచే గొట్టంతో అంగుళం అంగుళం వెతుకుతారు.

ఇక తయారీ సంగతి. పాత పద్ధతిలో మడతల పక్కలకు జిగురు పట్టించి, గట్టి చట్రంలో కూర్చి, చట్రానికి విడిగా గ్యాస్కెట్, అంటే సందు మూసే మెత్తని పట్టీ, అతికిస్తారు. ఇందులో ఒక్కొక్క అతుకూ గాలి జారిపోవడానికి అవకాశమున్న చోటే. పాలియురెథేన్ అనే నురగలా పొంగే ప్లాస్టిక్‌తో ఈ మూడు పనులనూ ఒకేసారి చేయవచ్చు. అచ్చులోని గాడిలో రెండు ద్రవాలు కలిపిన మిశ్రమాన్ని పోసి, మడతల కాగితాన్ని అందులో నిలబెట్టి మూత వేస్తారు. మిశ్రమంలో కొద్దిగా ఉన్న నీరు, ఆ ద్రవాల్లో ఒకటైన ఐసోసైనేట్‌తో చర్య జరిపి కార్బన్ డయాక్సైడును పుట్టిస్తుంది, దాంతో ఇడ్లీ పిండి పొంగినట్టు మిశ్రమం పొంగి మడతల మధ్యకు ఎక్కుతుంది, కాసేపటికి గట్టిపడుతుంది. అచ్చు గోడకు తగిలిన చోట నునుపైన పొర ఏర్పడుతుంది, లోపల బుడగలతో మెత్తగా ఉంటుంది. కాగితపు అంచులు మూసుకోవడం, పెట్టెకు ఆనుకునే పెదవి ఏర్పడడం, మడతల మధ్య దూరం స్థిరపడడం అన్నీ ఒకే పోతలో పూర్తవుతాయి.

పొంగే నురగ ఒత్తిడి తక్కువ కాబట్టి కాగితం నలగదు. అయితే అది ఎంత ఎత్తుకు ఎక్కాలో అంతే ఎక్కాలి. తక్కువైతే సందు మిగులుతుంది, ఎక్కువైతే పనిచేయాల్సిన కాగితాన్ని కప్పేస్తుంది. గాలి బుడగ చిక్కుకుంటే అక్కడ గుంట పడుతుంది. వేగం కోసం, లేదా మరింత కచ్చితమైన ఆకారం కోసం, కరిగించిన రబ్బరు వంటి ప్లాస్టిక్‌ను ఇంజెక్షన్ మోల్డింగ్ యంత్రంతో పోయాలనుకుంటే చిక్కు ముదురుతుంది. ఆ యంత్రంలో ఒత్తిడి వందల బార్ల దాకా ఉంటుంది. కరిగిన పదార్థం బయటికి పొర్లకుండా అచ్చు రెండు సగాలూ ఎక్కడో ఒకచోట గట్టిగా మూసుకోవాలి, కానీ మూసుకోవాల్సిన చోట ఉన్నది మడతల వంకర అంచు. చదునైన లోహపు ముఖం దాని మీద ఆనితే మడతకూ మడతకూ మధ్య ఉన్న ప్రతి సందూ పదార్థానికి తెరిచిన దారే. మరింత గట్టిగా నొక్కితే కాగితం చితికిపోతుంది. ఈ రంగంలో అసలైన చిక్కు ఇదేనని నా అభిప్రాయం.

దీనికి ఒకటికంటే ఎక్కువ పరిష్కారాలు ఉన్నాయి. దువ్వెన పళ్ల వంటి లోహపు పళ్లు మడతల మధ్యకు దిగేలా అచ్చు చేయవచ్చు, కానీ ప్రతి మడతా ప్రతిసారీ సరిగ్గా అదే చోట ఉండాలి, కాగితం అంత క్రమశిక్షణతో నిలవదు. మరో దారిలో, మడతల పక్కకు ముందుగా ఒక నాన్‌వోవెన్ (నేయకుండా నారలను కలిపి చేసిన) గుడ్డ పట్టీ అతికించి, దాని చదునైన భాగం మీద అచ్చును మూస్తారు. పట్టీ ఆనకట్టగా పనిచేసి, పదార్థాన్ని మడతల్లోకి పోనివ్వదు, అదే సమయంలో తన రంధ్రాల్లోకి కొద్దిగా పీల్చుకుని పట్టు కల్పిస్తుంది.

పేటెంటు ప్రశ్న సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. చర్చ కోసం ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక సంస్థ ఇలా హక్కు కోరిందనుకోండి: మడతల పక్కకు గుడ్డ పట్టీ అతికించి, మడతలను దాటి బయటికి ఉండే పట్టీ అంచును అచ్చు సగాల మధ్య బిగించి, దాని మీద సీలును పోత పోసే పద్ధతి. భారత పేటెంట్ల చట్టం, 1970 ప్రకారం ఆవిష్కరణ కొత్తదై ఉండాలి, నిపుణుడికి సులభంగా తట్టనిదై ఉండాలి, పరిశ్రమలో వాడదగినదై ఉండాలి. మూడో పరీక్ష ఇక్కడ అడ్డు కాదు, మొదటి రెండూ నిలబెట్టి అడుగుతాయి.

కొత్తదనం విషయంలో హక్కు దేనిపై కోరారన్నది ముఖ్యం. పద్ధతిపై కోరితే, అంతకుముందు అదే పద్ధతి ఎక్కడైనా వెల్లడైందా అని వెతుకుతారు. వస్తువుపై కోరి, 'సీలును పోత పోసిన ఫిల్టరు' అని మాత్రమే రాస్తే ఇరుకున పడతారు. ఒక వస్తువును అది తయారైన విధానంతో వర్ణించినంత మాత్రాన అది కొత్తది కాదు, ఆ విధానం వస్తువులో గుర్తించదగిన తేడాను మిగల్చాలి. అతికించిన సీలుకూ పోత పోసిన సీలుకూ మధ్య అటువంటి తేడా ఉందా? బ్లేడుతో అడ్డంగా కోసి చూస్తే తెలుస్తుంది. అతికించినదానిలో జిగురు పొర విడిగా గీతలా కనిపిస్తుంది. పోత పోసినదానిలో సీలు పదార్థం గుడ్డ నారల మధ్యకు చొరబడి ఉంటుంది, నారలు దాని లోపల చిక్కుకుని ఉంటాయి, పదార్థం లోపలికి వచ్చిన చోట చిన్న మచ్చ, అచ్చు సగాలు కలిసిన చోట సన్నని గీత మిగులుతాయి. దరఖాస్తులో ఈ తేడాను రాసినవారికి వస్తువుపై కూడా హక్కు నిలిచే అవకాశం ఉంటుంది. అంతకుముందే బజారులో అమ్ముడైన ఫిల్టరు కూడా పాత జ్ఞానంలో భాగమే. దాన్ని విశ్లేషించి మళ్లీ తయారు చేయడం సాధ్యం కాదన్న ఒక్క కారణంతో పక్కన పెట్టడానికి వీల్లేదని ఐరోపా పేటెంటు కార్యాలయపు విస్తృత అప్పీళ్ల మండలి 2025 జులైలో జీ 1/23 నిర్ణయంలో స్పష్టం చేసింది.

నిపుణుడికి తట్టుతుందా లేదా అన్న ప్రశ్న ఇంకా కఠినం. పట్టీ పాతదే, పోత పాతదే, రెండూ చేతిలో ఉన్న నిపుణుడు వాటిని కలపడా అని అభ్యంతరం చెప్పేవారు అంటారు. దీన్ని తేల్చడానికి ఐరోపాలో ఒక వరుస పాటిస్తారు. కోరిన దానికి అత్యంత సమీపంలో ఉన్న పాత పద్ధతిని ఎంచుకుని, దానికీ దీనికీ ఉన్న తేడాను, ఆ తేడా వల్ల నిజంగా కలిగిన ఫలితాన్ని గుర్తించి, ఆ ఫలితం నుంచి సమస్యను నిర్వచిస్తారు. ఆ సమస్యను ఎదుర్కొన్న నిపుణుడు ఈ పరిష్కారానికి వచ్చి ఉండేవాడా అని చివర్లో అడుగుతారు. ఐరోపా పేటెంటు కార్యాలయపు అప్పీళ్ల మండలి 1984లో ఇచ్చిన టీ 2/83 నిర్ణయం ఈ చివరి ప్రశ్నకు పదును పెట్టింది. ఆ కేసులోని మాత్రలో రెండు మందులు ఒకదానిలోకి ఒకటి చేరి పనితనం తగ్గకుండా వాటి మధ్య అడ్డుపొర పెట్టారు. నిపుణుడు అలా చేయగలిగేవాడా అన్నది చాలదనీ, ఏదో మేలు ఆశించి అలా చేసి ఉండేవాడా అన్నదే చూడాలనీ మండలి చెప్పింది.

మన ఉదాహరణలో పాత పట్టీ మడతల దూరం చెదరకుండా ఉండటానికి మాత్రమే వాడారనుకుందాం. మడతలను దాటి బయటికి సాగిన పట్టీ అంచు అచ్చును మూసే చోటుగా పనికొస్తుందని పాత పత్రాల్లో ఎక్కడా సూచన లేకపోతే, దరఖాస్తుదారుకు బలమైన వాదన ఉన్నట్టే. అలాకాకుండా, ఉదాహరణకు కారు లోపలి భాగాల తయారీలో, గుడ్డ అంచును అచ్చు మధ్య బిగించి ప్లాస్టిక్ పోయడం అప్పటికే మామూలై ఉంటే, వాదన చాలా బలహీనపడుతుంది. ఇక్కడ నిపుణుడంటే ఫిల్టరు తయారీదారు ఒక్కడే కాదు, అచ్చులు చేసేవాడితో కలిసి కూర్చునే బృందం.

మన సుప్రీంకోర్టు 1978 డిసెంబరులో ఇచ్చిన ఒక తీర్పు ఇటువంటి వివాదాలకు నేటికీ ఆధారం. మీర్జాపూర్‌లో పాత్రలు చేసే హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్‌కు, బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్‌కు మధ్య నడిచిన ఆ కేసులో, మెరుగు పెట్టేటప్పుడు పాత్రను తిరిగే యంత్రానికి పట్టి ఉంచే ఏర్పాటుపై 1951 నాటి పేటెంటు వివాదంలో ఉంది. తెలిసిన వస్తువుల కలయిక పేటెంటుకు అర్హం కావాలంటే అది వర్క్‌షాపులో మామూలుగా చేసుకునే మెరుగుదలకు మించి ఉండాలని కోర్టు చెప్పి, పేటెంటును రద్దు చేసింది. చట్టంలోని సెక్షన్ 3(ఎఫ్) కూడా, దేని పని అది మామూలుగా చేసుకునే తెలిసిన పరికరాల అమరికను ఆవిష్కరణగా ఒప్పుకోదు. అమెరికా సుప్రీంకోర్టు 2007లో కేఎస్ఆర్ కేసులో, కారు యాక్సిలరేటర్ పెడల్‌కు ఎలక్ట్రానిక్ సెన్సరు కలపడాన్ని ఇదే ధోరణిలో తిరస్కరించింది.

ఈ నిర్ణయాలన్నీ చూశాక నాకు తోచినది, మార్పు చిన్నదా పెద్దదా అన్న కొలత ఇక్కడ పనికిరాదని. పట్టీ, పోత పక్కపక్కన ఉండి దేని పని అది చేస్తే అది అమరిక. పట్టీ ఉన్నందువల్లే అధిక ఒత్తిడితో పోయడం సాధ్యమై, పోత వల్లే పట్టీ గాలి చొరనిదిగా మారితే, రెండింటి మధ్య కొత్త సంబంధం పుట్టింది. ఫలితం కంటి ముందు పెట్టుకుని వెనక్కి చూసేవారికి ఆ సంబంధం ఎప్పుడూ సులభంగానే కనిపిస్తుంది, అందుకే పరీక్షించేవారు దరఖాస్తు తేదీకి ముందున్న పత్రాలకు మాత్రమే కట్టుబడాలి.

దరఖాస్తుదారు వైపు కూడా ఒక బాధ్యత ఉంది. మందపాటి గుడ్డ, చిక్కని పదార్థంతో మాత్రమే ఫలితం వచ్చి ఉండగా 'ఏ గుడ్డయినా, ఏ పదార్థమైనా' అని హక్కు కోరితే, పలచని గుడ్డతో పోత కారిపోయిన ఒక్క నమూనా చాలు దాన్ని కుదించడానికి. పట్టీతో, పట్టీ లేకుండా చేసిన ఫిల్టర్లను ఒకే ఒత్తిడిలో పరీక్షించి, జారిన గాలి ఎంతో పక్కపక్కన చూపిన దరఖాస్తు వాదనలో చాలా ముందుంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల దరఖాస్తులు చెన్నై కార్యాలయ పరిధిలోకి వస్తాయి. పేటెంటు ఇవ్వకముందు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఇచ్చిన ప్రకటన వెలువడిన ఏడాది లోపు ఆసక్తి ఉన్న పక్షాలు చెప్పవచ్చు. అభ్యంతరం చెప్పేవారు పాత పత్రాలతో పాటు, అమ్మిన తేదీ రుజువయ్యే పాత ఫిల్టరునూ దాని అడ్డకోత ఫోటోలనూ తెచ్చుకోవడం మేలు.