పద్ధతి మారితే పైలట్ చేతులు ఏం చేస్తాయి?

విమానాల దారులు, రన్‌వే వివరాలు, దిగే పద్ధతుల మ్యాపులు ప్రపంచమంతటా ఒకే క్యాలెండర్ ప్రకారం మారతాయి. 28 రోజులకు ఒకసారి, ఎప్పుడూ గురువారమే. విమానంలోని నావిగేషన్ కంప్యూటర్‌కు కొత్త డేటా కూడా ఆ లెక్కలోనే ఎక్కుతుంది. ఏదో ఒక ఎయిర్‌పోర్టులో దిగే దారి మారిందంటే పైలట్లకు ముందే సమాచారం అందుతుంది. దిగబోయే ముందు కాక్‌పిట్‌లో ఇద్దరూ ఆ మ్యాపును ఎదురుగా పెట్టుకుని ఒకసారి చెప్పుకుంటారు. దీంతో పెద్ద ఇబ్బంది రాదు. చూసి చేసే పనిని మార్చుకోవడం తేలికే.

చూడకుండా, ఆలోచించకుండా చేసే పనిని మార్చుకోవడమే కష్టం.

కొత్త పనిలో ప్రతి అడుగూ ఆలోచించి వేస్తాం. వందలసార్లు చేశాక ఆ భారం చాలావరకు మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా అనే భాగాల మీదికి వెళ్తుంది. అప్పుడు మనసు ఇంకో విషయం మీద ఉన్నా చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది. ఈ సౌకర్యం లేకపోతే విమానం నడపడం అసాధ్యం. అయితే కొత్త పద్ధతి నేర్చుకున్నంత మాత్రాన పాతది చెరిగిపోదు, దాని పక్కనే ఉండిపోతుంది. ఇల్లు మారిన కొత్తలో అర్ధరాత్రి లేస్తే చెయ్యి పాత ఇంట్లో స్విచ్ ఉన్న వైపే పోతుంది కదా. పగలు స్థిమితంగా ఉన్నప్పుడు పోదు. నిద్రమత్తు, అలసట, భయం ఉన్నప్పుడే పాత అలవాటు పైచేయి అవుతుంది.

1989 జనవరి 8న లండన్ నుంచి బెల్‌ఫాస్ట్ బయల్దేరిన బోయింగ్ 737-400లో ఎడమ ఇంజిన్ ఫ్యాన్ బ్లేడు విరిగింది. కుదుపులు, కాక్‌పిట్‌లో కాలిన వాసన, పొగ. పైలట్లు బాగున్న కుడి ఇంజిన్‌ను ఆపేశారు. కెగ్‌వర్త్ ఊరి దగ్గర విమానం కూలి 47 మంది చనిపోయారు. కెప్టెన్‌కు తెలిసిన పాత విమానాల్లో ప్రయాణికుల క్యాబిన్‌కు ఏసీ గాలి ప్రధానంగా కుడి ఇంజిన్ నుంచి వచ్చేది. పొగ క్యాబిన్ వైపు నుంచి వస్తోందనుకుంటే కుడి ఇంజిన్‌నే అనుమానించడం ఆ లెక్కన సబబే. కొత్త రకంలో రెండు ఇంజిన్ల నుంచీ వస్తుంది. ఇంజిన్ వైబ్రేషన్ చూపే మీటర్లను పాత విమానాల్లో ఎవరూ అంతగా నమ్మేవారు కాదు. కొత్తదాంట్లో ఆ మీటరు నిజమే చెబుతోంది, కానీ ముళ్లు చిన్నవి, చూపు వాటి మీద నిలవలేదు. ఆ కొత్త రకం కాక్‌పిట్‌కు అప్పటికి బ్రిటన్‌లో సిమ్యులేటర్, అంటే నేల మీదే సాధన చేసే నకలు కాక్‌పిట్, కూడా లేదు. దీన్ని అజ్ఞానం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. వాళ్లకున్నది సరైన జ్ఞానమే, కాకపోతే వేరే విమానానికి సంబంధించినది.

కొన్నిసార్లు విమానం మారదు, దాన్ని నడిపే సూత్రమే మారుతుంది. స్టాల్ విషయంలో ఇదే జరిగింది. ఎదురుగాలికీ రెక్కకూ మధ్య కోణం ఒక హద్దు దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకోదు, పైకెత్తే బలం ఒక్కసారిగా పడిపోతుంది. అదే స్టాల్. దశాబ్దాలపాటు శిక్షణలో నేర్పింది ఏమిటంటే, స్టాల్ హెచ్చరిక రాగానే ఇంజిన్ పవర్ పూర్తిగా పెంచు, ఎత్తు వీలైనంత తక్కువ కోల్పో. ఇందులో ఒక మెలిక ఉంది. ఇంజిన్లు రెక్కల కింద ఉన్న విమానంలో పవర్ పెంచితే ముక్కు ఇంకా పైకి లేస్తుంది, అంటే కోణం మరింత పెరుగుతుంది. 2009లో అమెరికాలోని బఫెలో దగ్గర ఒకటి, అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 ఒకటి, రెండు విమానాలు స్టాల్ అయి కూలాయి. ఆ తర్వాత సూత్రం తిరగరాశారు. ముందు ముక్కు దించు, కోణం తగ్గించు, పవర్ సంగతి ఆ తర్వాత. ఎత్తు పోతే పోనీ. చదవడానికి ఇది ఒక్క వాక్యం. కానీ నేల వైపు పడిపోతున్నప్పుడు ముక్కును ఇంకా కిందికి వంచాలంటే పాత శిక్షణతోనే కాదు, ప్రాణభయంతోనూ పోరాడాలి.

అందుకే మనిషిని మార్చడం కంటే యంత్రాన్ని మార్చడం మేలయిన సందర్భాలుంటాయి. ఎదురుపడే విమానాలను గుర్తించి పైలట్‌ను హెచ్చరించే టీక్యాస్ అనే వ్యవస్థ ఉంది. పైకి గానీ కిందికి గానీ పోయే వేగాన్ని తగ్గించుకోమని చెప్పడానికి అది ఇంగ్లిష్‌లో 'అడ్జస్ట్ వర్టికల్ స్పీడ్, అడ్జస్ట్' అనేది. తగ్గించాలా పెంచాలా అన్నది ఆ మాటల్లో లేదు. కొందరు పైలట్లు సరిగ్గా తలకిందులుగా స్పందించారు. దానికోసం శిక్షణ గంటలు పెంచుతూ పోవచ్చు. ఇంజనీర్లు మాత్రం 7.1 వెర్షన్‌లో ఆ హెచ్చరికను తీసేసి 'లెవెల్ ఆఫ్, లెవెల్ ఆఫ్' అని పెట్టారు. పైకీ పోవద్దు, కిందికీ పోవద్దు, సమంగా ఉండు. తికమకకు చోటే లేదు.

స్టాల్‌కు అలాంటి దగ్గరిదారి లేదు, సిమ్యులేటర్‌లో మళ్లీ మళ్లీ చేయాల్సిందే. అక్కడా ఒక లోపం ఉండేది. ఈ రోజు ఏ ప్రమాదం రాబోతోందో పైలట్లకు ముందే తెలిసేది. తెలిసి చేసేటప్పుడు ఎవరైనా కొత్త పద్ధతే పాటిస్తారు. పాత అలవాటు నిజంగా వెనక్కి తగ్గిందో లేదో అందులో బయటపడదు. అందుకే ఇప్పుడు శిక్షణలో కొన్ని ఆపదలను చెప్పకుండా, వేరే పనిలో మునిగి ఉన్న క్షణంలో తెచ్చిపెడుతున్నారు.