“రిపోర్టుల్లో ఏమీ లేదు” అంటే జబ్బు లేదని కాదు: ఆందోళన రుగ్మతలపై అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్న నా దగ్గరికి తొలిసారి వచ్చే ఆందోళన రోగుల్లో చాలామంది చేతిలో లావాటి ఫైలు ఒకటి ఉంటుంది. అందులో నాలుగైదు ఈసీజీలు, ఒక ఎకో, థైరాయిడ్ పరీక్షలు, ఒక ఎండోస్కోపీ, కొందరికైతే యాంజియోగ్రామ్ కూడా ఉంటాయి. దాన్ని బల్లమీద పెట్టి, “అన్నీ నార్మల్ అంటున్నారు సార్, మరి నాకీ దడ ఎందుకు?” అని అడుగుతారు. పక్కన కూర్చున్న అన్నో, భార్యో వెంటనే అందుకొని, “ఏమీ లేదని పెద్ద డాక్టర్లే చెప్పినారు సార్, ఈయనే ఊరికే ఊహించుకుంటా ఉండాడు” అంటారు.

నా అనుభవంలో మనుషులకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన అపోహ ఈ రెండో మాటలోనే ఉంది. పరీక్షల్లో ఏమీ కనబడకపోతే జబ్బు లేనట్టే అని ఇంట్లోవాళ్లు నమ్ముతారు. పరీక్ష సరిగ్గా చేయలేదేమో అని రోగి నమ్ముతాడు. ఒకరు విసుక్కుంటారు, మరొకరు ఇంకో ఆసుపత్రి వెతుక్కుంటారు, ఈలోపు ఏళ్లు గడిచిపోతాయి.

ఈసీజీ చూసేది గుండెలోని విద్యుత్ లయను, యాంజియోగ్రామ్ చూసేది గుండె రక్తనాళాల్లోని అడ్డంకిని. పానిక్ అటాక్‌లో, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం, దడలో, గుండెకు జబ్బు ఉండదు, గుండెకు అందే ఆజ్ఞలోనే తప్పు ఉంటుంది. అలిపిరి మెట్లదారిలో చిరుత ఎదురైతే, మనం ఆలోచించేలోపే మెదడులోని అమిగ్డలా వంటి భాగాలు హెచ్చరిక జారీ చేస్తాయి. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, చెమటలు పడతాయి. పరుగెత్తడానికి శరీరం సిద్ధపడే తీరు అది. పానిక్ అటాక్‌లో ఇదంతా చిరుత లేకుండానే జరుగుతుంది. పరుగెత్తే పని లేకుండానే ఊపిరి వేగంగా తీస్తూ ఉండటంవల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్లలోనూ పెదవుల చుట్టూనూ తిమ్మిరి పుడుతుంది, తల తిరుగుతుంది. ఇందులో ఊహ ఎక్కడా లేదు. ఆ తిమ్మిరి నిజం, ఆ చెమట నిజం, ప్రాణం పోతోందన్న భయం కూడా నిజం. ఇది సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తరువాత తగ్గుముఖం పడుతుంది. అందువల్లనే ఆటోలో ఆసుపత్రికి చేరి ఈసీజీ తీయించుకునేసరికి చాలామందికి సగం నెమ్మదించి ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. తొలిసారి ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినప్పుడు అది పానికో గుండెపోటో ఇంట్లో కూర్చొని తేల్చుకోకూడదు, ముఖ్యంగా షుగర్, బీపీ ఉన్నవారు, నలభై దాటినవారు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రక్తహీనత, గుండె లయలో తేడా, కొన్ని ఆస్తమా మందులు కూడా ఇలాంటి దడనే తెస్తాయి కనుక వాటినీ ఒకసారి చూడాలి. అవన్నీ సవ్యంగా చూసిన తరువాత కూడా కొత్త లక్షణమేదీ లేకుండా అవే పరీక్షలు మళ్లీ మళ్లీ చేయించుకోవడం మాత్రం జబ్బును పెంచుతుంది. నార్మల్ అన్న మాట ఇచ్చే ఊరట రెండు మూడు రోజులకు మించి నిలవదు.

ఈ తప్పు నేనూ చేశాను. క్యాజువాలిటీలో జూనియర్‌గా ఉన్న రోజుల్లో, పాకాల వైపు నుంచి ఒక రాత్రి వచ్చిన ఇల్లాలికి ఈసీజీ చూసి, “ఏమీ లేదమ్మా, గ్యాస్” అని చెప్పి పంపించాను. మూడు వారాల్లో ఆమె మరో రెండుసార్లు వచ్చింది. మూడోసారి ఆమె భర్త మాతో మాట్లాడనే లేదు, ఆమెనే తిట్టాడు. నేను ఆనాడు ఈసీజీతోపాటు ఆ దడకున్న పేరు కూడా చెప్పి ఉంటే, ఆ తిట్లు ఆమె పడవలసివచ్చేది కాదని ఇప్పటికీ బాధపడతాను. పానిక్ అటాక్‌లు పదేపదే వచ్చే ఈ పానిక్ డిజార్డర్‌ను ప్రత్యేకమైన జబ్బుగా అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ 1980లోనే గుర్తించింది. “ఏమీ లేదు” అనడానికీ, “ఉంది, దానికి వైద్యమూ ఉంది” అనడానికీ మధ్య ఒక కుటుంబం జీవితమంతా మారిపోతుంది.

పేరు తెలియకపోతే జరిగేదేమిటో చెప్పడానికి, గుర్తుపట్టే వివరాలు మార్చి, తిరుమల కొండకు జీపు నడిపే ఒక యువకుడి సంగతి రాస్తున్నాను. రెండో ఘాట్‌లో ఎక్కుతుండగా ఒక మలుపు దగ్గర అతనికి తొలిసారి దడ వచ్చింది. వారం తరువాత అదే మలుపు దగ్గరికి వచ్చేసరికి, మళ్లీ వస్తుందేమో అన్న భయంతోనే వచ్చింది. ముందు ఘాట్ మానేశాడు, తరువాత వంతెనలు, తరువాత ఒంటరిగా బయటికి రావడమే మానేశాడు. క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంటు గేటు మూసేస్తే ఊపిరాడదని దర్శనానికి వెళ్లడం మానుకున్నవాళ్లూ నాకు తెలుసు. తప్పించుకున్న ప్రతిసారీ మెదడు “తప్పించుకున్నాను కాబట్టే బతికాను” అని నేర్చుకుంటుంది. బ్రిటిష్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో వివరించిన వలయంలో కీలకం మరొకటి: గుండె కొంచెం వేగంగా కొట్టుకోగానే దాన్ని చావుకు సూచనగా అర్థం చేసుకోవడం, ఆ అర్థం వల్ల గుండె ఇంకా వేగం కావడం.

అందుకే అతనికి ఆందోళనను తగ్గించే సెర్ట్రలిన్ అనే మందు మొదలుపెట్టి, దానితోపాటు మా ఆసుపత్రి మెట్లు రెండంతస్తులు వేగంగా ఎక్కించాం. అదే దడ, అదే ఆయాసం వచ్చి, ఏమీ చేయకుండానే తగ్గిపోవడం అతను స్వయంగా చూశాడు. తరువాత కొన్ని వారాలు ఆర్టీసీ బస్సులో ప్రయాణికుడిగా కొండెక్కాడు, ఆ తరువాత అన్నను పక్కన కూర్చోబెట్టుకొని తానే నడిపాడు.

“ఎందుకొచ్చింది?” అన్న ప్రశ్నకు ఇంటిల్లిపాదీ ఒకే ఒక్క సంఘటనను వెతుకుతారు. అలాంటి ఒకే కారణం సాధారణంగా దొరకదు. వంశపారంపర్యంగా వచ్చే అవకాశం కొంత, చిన్ననాటి నుంచి ఉన్న బెదురు స్వభావం కొంత, బాల్యంలోని హింసో నిర్లక్ష్యమో కొంత. వీటిమీద అప్పు, చావు, కాన్పు, పరీక్షలు, ఉద్యోగం పోవడం వంటివి వచ్చి పడతాయి. మద్యం దడను ఆ పూటకు తగ్గించి మరునాడు రెట్టింపు చేస్తుంది. గుండె ధైర్యం లేకపోవడం ఈ జాబితాలో లేదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో పోలీసులున్నారు, మాజీ సైనికులున్నారు.

మొక్కు తీర్చకపోవడంవల్ల వచ్చిందని మా ఊళ్లో తరచూ వింటాను. మొక్కు తీర్చుకోండి, నాకు ఏ అభ్యంతరమూ లేదు, కానీ దానికోసం వైద్యం ఆపకండి. పెళ్లి చేస్తే కుదురుతుందన్నది మాత్రం ఇంకొకరి జీవితాన్ని కూడా ఇందులోకి లాగే వదంతి, దాన్ని నేను సహించను.

మందులన్నీ నిద్రమాత్రలే, అలవాటు పడతామన్న భయానికి ఒక ఆధారం ఉంది. అల్ప్రాజోలం వంటి మాత్రలు వారాల తరబడి వాడితే అలవాటవుతాయి. చీటీ లేకుండా అమ్మకూడని ఆ మందునే చాలామంది దుకాణంలో అడిగి కొనుక్కుంటారు. సెర్ట్రలిన్, ఎసిటలోప్రామ్ అటువంటి మత్తుమందులు కావు. వాటి ఫలితం కనబడడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి కొన్ని రోజులు కంగారు కొంచెం పెరగవచ్చు కూడా. ఈ సంగతి ముందే చెప్పకపోవడంవల్లనే చాలామంది నాలుగో రోజున ఆపేస్తారు. నయమైన తరువాత కూడా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాడి, డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించుకోవాలి. దగ్గర్లో మానసిక వైద్యులు లేని పల్లెలవారు ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.