మెనిండీ సరస్సుల దగ్గర బస: అపోహలు, అసలు సంగతులు

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌కి పడమటి చివర, బ్రోకెన్ హిల్ నుంచి 110 కిలోమీటర్ల దూరంలో, డార్లింగ్ నది ఒడ్డున మెనిండీ అనే చిన్న ఊరుంది. చుట్టూ ఎర్రమట్టి నేల, మధ్యలో అవతలి ఒడ్డు కనిపించనంత సరస్సులు. ఇక్కడ కేబిన్లు, క్యాంప్ సైట్లు చూసుకోవడం నా పని. సిడ్నీ, అడిలైడ్, మెల్‌బోర్న్ నుంచి మనవాళ్లు ఈమధ్య బాగానే వస్తున్నారు, కాకపోతే బుక్ చేసే ముందు అందరికీ ఎండ గురించే టెన్షన్. ఎండ తక్కువేం కాదు, 1939 జనవరిలో ఈ ఊళ్లోనే 49.7 డిగ్రీలు నమోదైంది, అందుకే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా టెంట్ వద్దనే చెబుతాను. కానీ మిగతా నెలల్లో మీ ప్లాన్ తలకిందులైతే దానికి కారణం చాలావరకు నీళ్లే.

అపోహ: ఎడారి కదా, వాన గురించి ఆలోచించక్కర్లేదు

ఏడాది మొత్తానికి 250 మిల్లీమీటర్లకు అటూఇటూగా పడుతుంది, అంతే. కానీ పడిన రోజు మాత్రం నది పక్కనుండే బూడిదరంగు బంకమట్టి తన సంగతేంటో చూపిస్తుంది. టైరుకి పొరలు పొరలుగా చుట్టుకుని, మడ్‌గార్డ్ లోపల సందు లేకుండా కూరుకుపోయి, చివరికి ఇంజిన్ ఎంత అరిచినా చక్రం తిరగదు. దిగి కర్రతో గీకి, బండెక్కి పది అడుగులు పోతే మళ్లీ అదే కథ, ఈలోపు మీ చెప్పులు ఒక్కోటి కిలో బరువు ఎక్కుతాయి.

"మాది ఫోర్‌వీల్ డ్రైవ్ అండీ, ఏం కాదు" అనేవాళ్లకి ఒక్క మాట. రోడ్డు మూసేశాం అని బోర్డు పెట్టాక దాని మీద బండి నడిపితే జరిమానా పడుతుంది, అది ఏ బండైనా సరే. తడి రోడ్డు మీద మీ టైర్లు చేసిన గాడులు ఎండి రాయిలా గట్టిపడితే తర్వాత నెలల తరబడి ఇక్కడివాళ్లే వాటి మీద పడుతూ లేస్తూ తిరగాలి. బ్రోకెన్ హిల్ నుంచి ఊరి దాకా తారురోడ్డే, ఇబ్బంది లేదు. కించెగా నేషనల్ పార్కు లోపల, ఇంకా చుట్టుపక్కల చాలా దారులు మట్టివి. అందుకని లోపల క్యాంప్ వేసేవాళ్లు రెండు రోజులకు సరిపడా బియ్యం, పప్పు, తాగేనీళ్లు అదనంగా ఉంచుకోండి. సోమవారం ఆఫీసులో మీటింగ్ ఉందని ఆదివారం మధ్యాహ్నం బురదలోకి దిగేవాళ్లతోనే మాకు తలనొప్పి.

అపోహ: సరస్సు ఎప్పుడూ ఫొటోలో ఉన్నట్టే ఉంటుంది

నాకు అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు దీని మీదే వస్తాయి. వెథరెల్, పామామరూ, మెనిండీ, కౌన్‌డిల్లా, ఇవి ప్రధానమైన సరస్సులు. అన్నీ నిండితే 1,731 గిగాలీటర్లు, అంటే సిడ్నీ హార్బర్‌లో ఉండే నీళ్లకు మూడింతలు. అయితే ఇవి స్థానికంగా పడే వానతో నిండేవి కావు. క్వీన్స్‌లాండ్‌లో, ఉత్తర న్యూ సౌత్ వేల్స్‌లో ఎక్కడో వానలు పడి, ఆ నీళ్లు వారాల తరబడి నదిలో నడిచొస్తే అప్పుడు నిండుతాయి. ఇక్కడ చినుకు లేకపోయినా వరద రావచ్చు, ఇక్కడ వాన పడినా సరస్సు అడుగు కనిపించవచ్చు. 2019లో మెనిండీ సరస్సు ఎండిపోయి ఉంది. 2022 చివర, 2023 మొదట్లో అదే ఊరికి వరదొచ్చి నది ఒడ్డు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. పైగా ఇవి లోతు లేని సరస్సులు, పళ్లెంలో పోసిన నీళ్లలా ఎండకి ఆవిరైపోతాయి.

కాబట్టి బోటింగ్ కోసమో, నీళ్ల ఒడ్డున టెంట్ కోసమో వచ్చేవాళ్లు బుక్ చేసే ముందు వాటర్ ఎన్‌ఎస్‌డబ్ల్యూ (న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ నీటి సంస్థ) వెబ్‌సైట్‌లో ఏ సరస్సులో ఎంత శాతం నీళ్లున్నాయో చూడండి, లేదా మాకు ఫోన్ చేయండి. నా మటుకు నాకు సరస్సు సగం ఎండినప్పుడే ఇష్టం. నీళ్లలో నిలబడిపోయిన ఎండుచెట్లు మొదళ్ల దాకా బయటపడతాయి, లోతు తక్కువ కాబట్టి పెలికాన్లన్నీ ఒకేచోట గుమిగూడతాయి. ఇది అందరికీ నచ్చాలని రూలేమీ లేదు.

అపోహ: నది నీళ్లు కాచి తాగితే చాలు

సూక్ష్మక్రిములకైతే చాలు. నీళ్లు కదలకుండా వేడెక్కినప్పుడు పెరిగే బ్లూ-గ్రీన్ ఆల్గే విషానికి మాత్రం చాలదు, ఎంతసేపు కాచినా అది పోదు. ఒడ్డున ఆకుపచ్చ పెయింట్ ఒలికినట్టు తెట్టు కట్టి, పచ్చి మట్టివాసన వస్తుంటే పిల్లల్ని దింపకండి. కుక్కని అసలే వదలొద్దు, అవి ఒళ్లు నాక్కుని మరీ మింగుతాయి. నేషనల్ పార్కు లోపలికి ఎలాగూ కుక్కల్ని రానివ్వరు. కేబిన్ కుళాయిలో వచ్చేది కూడా కొన్నిచోట్ల గిన్నెలు కడుక్కోవడానికి మాత్రమే పనికొస్తుంది, తాళం తీసుకునేటప్పుడే అడగండి. మనిషికి రోజుకి తాగడానికి, వంటకి కలిపి కనీసం 5 లీటర్లు తెచ్చుకుంటే హాయి.

అపోహ: పెద్ద చెట్టు నీడ చూసుకుని టెంట్ వేసుకోవాలి

ఈ ఒక్కటి చదివి మిగతావి మర్చిపోయినా పర్వాలేదు. నది పొడవునా ఉండేవి రివర్ రెడ్ గమ్ చెట్లు. చూస్తే మన ఊరి రావిచెట్టంత భరోసాగా కనిపిస్తాయి, కానీ గాలి లేని ఎండపూట కూడా నడుము మందం ఉండే కొమ్మని ఉన్నట్టుండి పడేస్తాయి. ముందుగా ఆకులు వాడవు, కొమ్మ వంగదు. చెట్టు కింద పాత కొమ్మలు పడున్నాయా, పైన విరిగిన మొండి కనిపిస్తోందా చూడండి. ఏమీ కనిపించకపోయినా కొమ్మలు పరుచుకున్న మేర దాటి బయటే టెంట్ వేయండి, కారు కూడా అక్కడే ఆపండి. నీడ కావాలంటే టార్పాలిన్ కట్టుకోండి.

పడిన కొమ్మలున్నాయి కదా అని పొయ్యికి ఏరుకోవడం కూడా పార్కులో నిషేధం, ఆ తొర్రల్లో బల్లులు, చిన్న జంతువులు బతుకుతాయి. కట్టెలు బయట కొనుక్కుని రండి, టోటల్ ఫైర్ బ్యాన్ (ఆరుబయట మంట పెట్టకూడదన్న నిషేధం) ఉన్న రోజు అవి కూడా ముట్టించొద్దు. కొన్ని చెట్లకు పెద్ద గాయం మచ్చల్లాంటివి కనిపిస్తాయి, ఈ నది ప్రాంతపు ఆదివాసులైన బార్కింజీ ప్రజల పూర్వీకులు పాత్రలకో పడవలకో బెరడు ఒలుచుకున్న గుర్తులవి. మేకులు కొట్టడం, తాళ్లు కట్టడం చేయకండి.

అపోహ: ఎడారిలో చలేంటి?

జూలైలో తెల్లవారుజామున 5 డిగ్రీల లోపు మామూలే, కొన్ని రోజులు గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. మీద మూడు రగ్గులు కప్పుకుని కింద పల్చటి చాప వేసుకుంటే లాభం లేదు, చలి నేలలోంచే ఎక్కుతుంది, అడుగున మందపాటి మ్యాట్ ముఖ్యం. టెంట్ లోపల గ్యాస్ స్టవ్ వెలిగించి టీ పెట్టుకోవడం, బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

అపోహ: కేబిన్ అంటే హోటల్ రూమే

కాదండీ. మంచం, ఫ్యాన్ లేదా ఏసీ, చిన్న వంటగది, చాలాచోట్ల బాత్రూం బయట. దుప్పట్లు, తువ్వాళ్లు ఇస్తారో లేదో ముందే కనుక్కోండి. రూమ్ సర్వీస్ లేదు, రాత్రి తొమ్మిదికి తినడానికి ఏదైనా దొరుకుతుందా అని అడగొద్దు.

ఇక ఫోన్. ఊళ్లో సిగ్నల్ ఉంటుంది, దాటి కాస్త దూరం పోతే ఉండదు. లోపలికి వెళ్లేవాళ్లు పీఎల్‌బీ (ఆపదలో నొక్కితే ఉపగ్రహం ద్వారా మీరున్న చోటు తెలిపే చిన్న పరికరం) ఒకటి దగ్గరుంచుకుని, ఎప్పటికి తిరిగొస్తారో ఎవరికైనా చెప్పి వెళ్లండి. బ్రోకెన్ హిల్ గడియారం సౌత్ ఆస్ట్రేలియా టైమ్‌లో నడుస్తుంది, మెనిండీ సిడ్నీ టైమ్‌లో, మధ్యలో అరగంట తేడా. అక్కడ బయల్దేరేటప్పుడు చూసుకున్న టైమ్‌కి ఆ అరగంట కలుపుకుంటేనే చీకటి పడకముందు చేరతారు. చీకట్లో కంగారూలు, ఈములు రోడ్డుకి అడ్డం దూకుతాయి కాబట్టి అసలు సాయంత్రం డ్రైవింగే పెట్టుకోవద్దు. తిరుగు ప్రయాణం అడిలైడ్ వైపైతే పండ్లు, టమాటాలు ఇక్కడే తినేయండి, సౌత్ ఆస్ట్రేలియాలోకి తీసుకెళ్తే క్వారంటైన్ వాళ్లు పట్టుకుంటారు.