బడిలో భావోద్వేగాల చదువు: నీతి పాఠం నుంచి కౌన్సెలర్ దాకా

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులై 25న తీర్పు చెబుతూ, తగిన చట్టం వచ్చేదాకా దేశంలోని విద్యాసంస్థలన్నీ పాటించవలసిన 15 మార్గదర్శకాలను సుప్రీంకోర్టు ప్రకటించింది. వందమందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యం గురించి శిక్షణ పొందిన కౌన్సెలర్‌ గానీ, మనస్తత్వ నిపుణుడు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలన్నది వాటిలో ముఖ్యమైనది. హైదరాబాద్‌లో వీధి మలుపులో అపార్ట్‌మెంట్‌లో నడిచే బడికైనా వందమంది పిల్లలు సులువుగానే ఉంటారు కాబట్టి, ఈ ఒక్క వాక్యం నగరంలోని దాదాపు ప్రతి బడినీ తాకుతుంది. పిల్లలకు తమ మనసులో కలిగేదాన్ని గుర్తించడం, దానిని తమకూ ఇతరులకూ హాని కలగని తీరులో బయటపెట్టడం నేర్పాలన్న మాట ఇవాళ కొత్తగా వినిపిస్తున్నా, దాని వెనుక చాలా దశాబ్దాల ప్రయాణం ఉంది. ఆ ప్రయాణంలో ప్రతి మజిలీలోనూ పిల్లలు ఏం నేర్చుకోవాలో వివరంగా రాసుకున్నాం గానీ, వాళ్లు చెప్పేది వినవలసిన పెద్దల సంగతి మాత్రం తర్వాత చూద్దామని వదిలేస్తూ వచ్చాం.

మన బడికి మొదట తెలిసింది నిగ్రహమే. కోపం మనిషికి శత్రువని, శాంతమే రక్ష అని చెప్పే సుమతీ శతక పద్యాన్ని కంఠస్థం చేయని తెలుగు తరం లేదు. అది మంచి పద్యమే, కానీ కోపం ఎందుకు వచ్చిందో, వచ్చాక ఎవరికి చెప్పుకోవాలో పదేళ్ల పిల్లవాడికి అది చెప్పదు. రంగస్థలం కోసం రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం అని ఎనిమిది స్థాయీభావాలను అంత నిశితంగా విడదీసి చూసిన సంప్రదాయం మనది. ఆ చూపు తరగతి గదిలోకి మాత్రం రాలేదు. స్వాతంత్ర్యం తర్వాత శ్రీప్రకాశ కమిటీ, ఆపై 1964-66 నాటి కొఠారీ కమిషన్ నైతిక విద్యను సిఫారసు చేశాయి. బడుల్లో మోరల్ సైన్స్ అన్న పీరియడ్ వెలిసింది. అందులో మంచి నడవడి గురించి చెప్పారు గానీ, దిగులుగా ఉన్న పిల్లవాడిని అసలు పలకరించాలని ఎవరూ అనుకోలేదు.

ఈలోగా అమెరికాలో వేరే దారి మొదలైంది. 1968లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మానసిక వైద్యుడు జేమ్స్ కోమర్ న్యూ హేవెన్ పట్టణంలో పేద నల్లజాతి పిల్లలు చదివే రెండు బడులలో పని ఆరంభించినప్పుడు, ఆయన ముందు చేపట్టింది పిల్లలకు పాఠం చెప్పడం కాదు, ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ మధ్య తెగిపోయిన నమ్మకాన్ని తిరిగి నిలబెట్టడం. ఆ ఆలోచనల కొనసాగింపుగానే 1994లో అక్కడ కాసెల్ అనే సంస్థ ఏర్పడి, సామాజిక, భావోద్వేగ అభ్యసనం అన్న పేరు వ్యాప్తిలోకి వచ్చింది. దాదాపు అదే కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పది జీవన నైపుణ్యాలను పేర్కొంది. భావోద్వేగాలను, ఒత్తిడిని తట్టుకోవడం, ఎదుటివారి బాధను తనదిగా చూడగలగడం వాటిలో ఉన్నాయి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ఈ నైపుణ్యాలను మన బడులకు తగినట్లుగా మలిచింది.

తెలుగు నేలకు జీవన నైపుణ్యాలన్న ఈ మాట, ఏడాది పొడవునా పిల్లలను అన్ని కోణాల్లో అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనం ద్వారా చేరింది. అందులో 'విలువల విద్య, జీవన నైపుణ్యాలు' ఒక సహపాఠ్య విషయమైంది, దానికీ గ్రేడు పెట్టారు. ఇక్కడే మనం దారి తప్పామని నా అభిప్రాయం. ఒక పిల్లవాడి మనసు తీరుకు బి-ప్లస్ వేయవలసి వచ్చిన ఉపాధ్యాయుడు ఆ గడిని నింపి ఊరుకోవడం తప్ప చేయగలిగింది తక్కువ.

హైదరాబాద్ కథకు ఇంకో పాయ ఉంది, అది బాధాకరమైనది. కార్పొరేట్ జూనియర్ కళాశాలల్లో విద్యార్థుల మరణాలపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే నీరదారెడ్డి కమిటీ పరిశీలన జరిపింది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడి, మార్కుల్లో పొరపాట్లు బయటపడిన ఆ రోజుల్లో ఇరవైమంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు చర్చంతా ఫలితాలను రూపొందించిన విధానం చుట్టూ తిరిగింది, తిరగవలసిందే. అయితే పరీక్ష తప్పానని తెలిసిన క్షణాన ఇంట్లో ఆ మాట చెప్పగలనన్న ధైర్యం ఒక పిల్లకు ఎందుకు లేకపోయిందన్న ప్రశ్న కూడా అంతే పెద్దది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఇన్ని మరణాలకు ఒక్క కారణం చూపించడం తగదు, భావోద్వేగాల పాఠం ఒక్కటి చెబితే అవి ఆగుతాయనడమూ తగదు.

2020లో ప్రభుత్వాలు వరుసగా కదిలాయి. ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. దాని 11 అంశాలలో భావోద్వేగ శ్రేయస్సు ఒకటి, బాధ్యత ప్రతి బడిలోనూ ఇద్దరు ఉపాధ్యాయులది. జులైలో విద్యార్థులకు మానసిక సాయం అందించే మనోదర్పణ్ కార్యక్రమం, ఆ నెలాఖరునే జాతీయ విద్యా విధానం వెలువడ్డాయి. అంతకు రెండేళ్ల ముందే ఢిల్లీ ప్రభుత్వం తన బడుల్లో సంతోష పాఠ్యప్రణాళికను ప్రవేశపెట్టింది. కరోనా వల్ల 2020 మార్చిలో మూతపడిన తెలంగాణ బడులు చిన్న తరగతులకు 2021 సెప్టెంబరులో గానీ తెరుచుకోలేదు. ఏడాదిన్నర పాటు తోటివారితో పోట్లాడి కలిసిపోయే అలవాటే లేకుండా పెరిగిన పిల్లలు తిరిగి బెంచీల మీద కూర్చున్నారు.

ఈ చదువు నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు సూటిగా లేదు. 213 కార్యక్రమాలను, 2,70,034 మంది పిల్లలను కలిపి చూసిన 2011 నాటి అమెరికన్ విశ్లేషణలో ప్రవర్తన మెరుగవడంతో పాటు చదువులోనూ 11 పర్సంటైల్ మేర మెరుగుదల కనిపించింది. ఎనిమిది వేలమందికి పైగా బ్రిటిష్ పిల్లలపై జరిగి 2022లో ఫలితాలు వెలువరించిన ప్రయోగంలో మాత్రం, ఉపాధ్యాయులు నేర్పిన, మనసును ఈ క్షణం మీద నిలిపే మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు బడిలో మామూలుగా జరిగే బోధన కంటే మేలు చేయలేదు. మనకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది బిహార్‌లోని నలంద జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జరిగి 2018లో ప్రచురితమైన అధ్యయనం. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్లు, మరికొన్నిటిలో ఉపాధ్యాయులు నడిపారు. కౌన్సెలర్లు ఉన్న బడుల్లో వాతావరణం మెరుగై, కుంగుబాటు లక్షణాలు, తోటివారిని వేధించడం తగ్గాయి. ఉపాధ్యాయులకే అప్పగించిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీనిని ఉపాధ్యాయుల అసమర్థతగా చదవడం అన్యాయం. సిలబస్, పరీక్షలు, రికార్డులు మోస్తున్న మనిషి మీదే మరో బరువు పెట్టాం, అంతే.

కౌన్సెలర్ వచ్చినా ఏ భాషలో మాట్లాడాలన్నది హైదరాబాద్‌లో చిన్న విషయం కాదు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం మొదలయ్యాక, గోడ మీద అంటించే చార్టుల్లో హ్యాపీ, సాడ్, యాంగ్రీ ముఖాలే ఎక్కువ. తెలుగులోనేమో హాస్టల్లో దింపిన పిల్లకు వచ్చేది బెంగ, ఎదిరించలేక లోపల ఉడికిపోవడం ఉక్రోషం, ఎవరైనా బుజ్జగించాలని ఎదురుచూసే కోపం అలక. వీటిలో ఏది యాంగ్రీ, ఏది సాడ్? బెంగ పెట్టుకున్న పిల్లకు జ్వరం కూడా వస్తుందని మన అమ్మమ్మలకు తెలుసు. తెలంగాణ ఇళ్లలో దిగులును రంది, భయాన్ని బుగులు, కోపాన్ని గుస్సా అంటారు, పాతనగరంలో దక్కనీ మాట్లాడతారు, నిర్మాణ పనులకు వచ్చిన కుటుంబాల పిల్లలు ఒడియాలో, హిందీలో ఏడుస్తారు. "రంది పెట్టుకున్నవా బిడ్డా?" అని అడగగలిగిన మనిషికి దొరికే జవాబు, ఈ రోజు నీ మూడ్ ఏ రంగులో ఉందని అడిగితే దొరకదు.

చెప్పడం క్షేమంగా ఉండాలంటే చెప్పిన తర్వాత జరిగేదీ క్షేమంగా ఉండాలి. శారీరక దండననూ మానసిక వేధింపునూ విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ 2010 నుంచే నిషేధించింది, అయినా ఏడ్చిన పిల్లవాడిని తరగతి ముందు నిలబెట్టి నవ్వడాన్ని వేధింపుగా గుర్తించని బడులు ఇంకా ఉన్నాయి. అందరి ముందూ నీ బాధ పంచుకో అని బలవంతపెట్టడం కూడా అటువంటిదే. ఇక పిల్లలు చెప్పేది లైంగిక వేధింపు గురించైతే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన పెద్దలు పోలీసులకు తెలియజేసి తీరాలి. కనుక "ఎవరికీ చెప్పను" అని ముందే మాట ఇవ్వడం సరికాదు. ఎవరికి చెప్పవలసి వస్తుందో, ఎందుకో పిల్లకు మొదటే వివరించి, ఆ తర్వాత కూడా పక్కన ఉండాలి.

మానసిక సాయం కోసం 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ 14416 పనిచేస్తోంది, పిల్లల రక్షణకు 1098 ఉంది. రెండూ ఉచితమే. కానీ వసతి కళాశాలల్లో చాలామంది పిల్లల చేతిలో ఫోన్ ఉండదు. రాత్రి పది దాటాక స్టడీ అవర్ ముగిసి లైట్లు ఆర్పే వేళకు వాళ్లకు అందుబాటులో ఉండేది వార్డెన్ ఒక్కరే. ఆ వార్డెన్‌కు ఈ విషయంలో ఏ శిక్షణ ఇచ్చారని తల్లిదండ్రులు అడ్మిషన్ రోజునే, ఫీజు అడిగినంత స్పష్టంగా అడగవచ్చు.